లేగ బద్ద చూరెక్కదు

హైదరాబాద్,
12 జూన్ 1966

అన్నకు యేసమ్మ వందనాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. వదినె నడుము వంగుతోందంటే పని బరువు వల్లేనని అందరం అనుకున్నాం. నిజామాబాద్ దవాఖానలో ఫోటో తీసి, వెన్నులో రెండు పూసలను క్షయ తినేసిందని చెప్పారని రాశావు. ఇలాగే వదిలేస్తే కాళ్లు పడిపోతాయని కూడా అన్నారట. సాయవ్వ వదినె కాళ్లు! నాట్లప్పుడు పక్క వరసలో వాళ్లను ఏడిపించిన కాళ్లవి.

ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా మా దేవిదాస్ సారు దగ్గరికి వెళ్లాను. ఎముకల ఆపరేషన్లలో ఈ దవాఖానలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. ముందు నాలుగైదు నెలలు సూదులతో, మందులతో క్షయను అణచాలి. ఆ తర్వాత పుచ్చిన పూసలను పైనా కిందా ఉన్న మంచి పూసలతో కలిపి ఒకే ముక్కగా అతికించాలి. అప్పుడు నడుము ఇంకా వంగదు, కాళ్లు నిలుస్తాయి. అతకడానికి వాటి మధ్య ఎముక ముక్కలు పేర్చాలి. ఇన్నాళ్లూ ఆ ముక్కలను రోగి తుంటి ఎముకలోంచే చెక్కి తీసేవారు. ఒక గాయం మాన్పడానికి రెండో గాయం చేయడమన్నమాట.

మా సారు దీనికి కొత్త దారి కనిపెట్టారన్నా. చనిపోయిన లేగదూడ ఎముకను ఉడికించి, కొవ్వు తీసి, ఎండబెట్టి, చింతగింజలంత ముక్కలు చేశారు. వాటిని ఇరవై నాలుగు కుందేళ్ల వెన్నులో పెట్టి చూశారు. ఇరవై నాలుగింటికి ఇరవై నాలుగూ అతికాయి. ఒక్కటీ తప్పలేదు. ఆ కుందేళ్లకు మేత వేసింది, కట్లు మార్చింది, రోజూ పుస్తకంలో వాటి సంగతి రాసింది నేనే. బొంబాయిలో డాక్టర్ల సభలో సారు ఈ విషయం చదవబోతున్నారు. మనుషుల్లో మొదటి ఆపరేషన్ మా వదినెకే చేయమని అడిగితే సరేనన్నారు.

తుంటి కోయరని వదినెకు చెప్పు. అప్పటిదాకా ఆమెను చెక్క బల్ల మీదే పడుకోబెట్టు. సూదులు ఒక్క రోజు కూడా తప్పనివ్వకు.

నీ చెల్లె,
యేసమ్మ


బోధన్,
26 జూన్ 1966

చెల్లె యేసమ్మకు జీవరాజు దీవెనలు.

నీ ఉత్తరాన్ని ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చదివి వినిపించాను. "మా చెల్లె పట్నంల పెద్ద నర్సు. కుందేండ్ల ఎన్నుబొక్కలు అతికిచ్చింది. ఇగ వాళ్ల వదినెది అతికిస్తది" అన్నాను. బల్ల మీద ఉండమన్నా వినకుండా వచ్చిన మీ వదినె వెనక నుంచి నా కండువా పట్టి లాగింది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. నా నడుము ఇంక అతకనే లేదు, నువ్వు ఊరంత సాటింపేస్తున్నవ్" అని అందరి ముందే నా పరువు తీసింది. నడుం వంగింది కానీ నోరు వంగలేదు, నువ్వేమీ దిగులు పడకు.

చందూర్ భోజన్నకు కూడా చెప్పాను. ఆయన చెరుకు బండ్ల ఎడ్లకు ఏ దెబ్బ తగిలినా నా దగ్గరికే తోలుకొస్తాడు కదా. దూడ ఎముక అనగానే, "దూడ సచ్చినంక తీసిందేనా?" అని అడిగాడు. అవునన్నాను. "గట్లయితే మంచిదే. పాపం, సచ్చినంక గూడ ఒకలకు అక్కరకొచ్చింది" అని, మీ వదినెను నిజామాబాద్ స్టేషన్‌దాకా తన బండిలో గడ్డి పరిచి తీసుకుపోతానని మాటిచ్చాడు.

ఇక నా గొప్ప కూడా కొంచెం వినాలి. ఈ ఏడు చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరసలో జారిపడ్డ ఎడ్లలో మూడింటి విరిగిన కాళ్లకు కట్లు కట్టాను. కానీ మన చూరులో మూడు బద్దలు పెరిగాయనుకోకు. బాపు షరతులు నీకు గుర్తున్నాయి కదా? ఎద్దు కాలికి కట్టిన వెదురు బద్దల్లో ఒకదాన్ని, ఆ కాలు మానాక, చూరులో దోపడం మన ఇంటి ఆనవాయితీ. కానీ లేగ బద్ద చూరెక్కదు. లేగ ఎముక ఎవరు కట్టినా అతుకుతుంది, ఎవరూ కట్టకపోయినా అతుకుతుంది, అందులో మన చేతి గొప్పేముంది అనేవాడు ఎర్రయ్య బాపు. ఇంకొకటి, కట్టు విప్పగానే బద్ద ఎక్కించకూడదు. ఆ ఎద్దు ఒక సీజనంతా నిండు బండి లాగి ఫ్యాక్టరీ గేటు చేరాలి. అందుకే తండ్రీ కొడుకులం నలభై ఏళ్లు కట్టినా మన చూరులో ఉన్నవి ముప్పై ఒక్క బద్దలే. వర్ని దారిలో ఒకాయన తన గుమ్మానికి నూరు తగిలించుకున్నాడు. సగం లేగలవే!

అన్నట్టు, తోటి పనివాడిగా అడుగుతున్నాను. మీ కుందేళ్ల వయసెంత? కట్టు విప్పాక వాటితో ఏం బరువు మోయించారు?

అన్న,
జీవరాజు


హైదరాబాద్,
9 జూలై 1966

అన్నకు,

నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నీకు అన్నీ రాయడం నాదే తప్పు. నేను ఎవరి వెన్నూ అతికించలేదు. చర్చి మెట్ల మీద అట్లా ఎందుకు చెప్పావు? అక్కడి నుంచి ఇద్దరు వచ్చి మా గేటు దగ్గర "పెద్ద నర్సు యేసమ్మ ఏడుంటది?" అని అడిగారు. గేటు ముందు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పైగా మా సారు పనిని, వర్ని దారిలో లేగల బద్దలు తగిలించుకునే మనిషితో పోలుస్తావా? ఆయన విలాయతులో చదివి వచ్చిన మనిషి. కుందేలు బండి లాగుతుందా, బరువేమిటని అడగడానికి? నాలుగు ముక్కలు మెచ్చుకుని ఊరుకుంటే నీ సొమ్మేం పోయేది?

వదినెను ఇప్పుడే తీసుకురావద్దు. నేను మళ్లీ రాసేదాకా ఆగండి. ఎందుకని అడగకు. సూదులు మాత్రం ఆపవద్దు.

యేసమ్మ


బోధన్,
17 జూలై 1966

యేసమ్మకు,

ముందు రమ్మన్నావు. ఇప్పుడు రావద్దంటున్నావు. ఎందుకని అడగొద్దంటున్నావు. సరే, అడగను. నాకే అర్థమైంది. పట్నం నీళ్లు నీకు బాగానే పట్టాయి. కట్లు కట్టేవాడి చెల్లెలని నలుగురికీ తెలిస్తే నర్సమ్మకు నామోషీ.

నీ ఉత్తరం మీ వదినెకు చదివి వినిపించకుండా దాచాను. కానీ నా ముఖం చూసి లాక్కుంది. చదువు రాదు కాబట్టి పాస్టరు గారితో చదివించుకుంది. విని ఏమందో తెలుసా? "నా గూని సూస్తే ఆమెకు సిగ్గయితుందేమో. పోనియ్యి. ఆడబిడ్డ ఇంటికి బోవుడు గాదు, దవాఖానకు పోవుడే గద. నడవనియ్యి" అంది. కోపంగా కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

బాపు పోయాక నిన్ను మిషన్ స్కూల్లో చేర్పించిన రోజున మీ వదినె తన వెండి కడియాలు తీసి ఇచ్చింది. నేను గుర్తు చేయను అనుకున్నాను, చేశాను. కడుపు మండితే ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు ఆమెకు ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. ఇంక ఆగలేను. ఆగస్టు ఒకటో తారీఖున భోజన్న బండిలో నిజామాబాద్ దాకా, అక్కడి నుంచి రైల్లో, మేమిద్దరం వస్తున్నాం. నువ్వు స్టేషన్‌కు రాకపోయినా ఫరవాలేదు. దవాఖాన ఎక్కడుందో అడిగి తెలుసుకోవడానికి నోరుంది.

జీవరాజు


హైదరాబాద్,
24 జూలై 1966

అన్నా,

ఈ ఉత్తరం ఒకటో తారీఖు లోపల నీకు అందాలని ప్రార్థన చేసి డబ్బాలో వేస్తున్నాను. మొత్తం చదివాక నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు.

మొదటి మాట. నేను నర్సును కాను. నర్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. ఆరేళ్లుగా ఈ దవాఖాన వెనక కుందేళ్ల షెడ్డు చూసుకుంటున్నాను. మేత వేస్తాను, పంజరాలు కడుగుతాను, పుస్తకం రాస్తాను. నువ్వు ఉత్తరాల్లో నర్సమ్మ, నర్సమ్మ అని రాస్తుంటే కాదని చెప్పడానికి మనసు రాలేదు. నాకు సిగ్గయింది నీ గురించి కాదు, వదినె గురించి కాదు. మీరు వచ్చి చీపురు పట్టుకున్న నన్ను చూస్తారనే.

రెండో మాట వదినె నడుముది. నువ్వు కుందేళ్ల వయసు అడిగితే నాకు ఒళ్లు మండింది. మండినదాన్ని మండినట్టే షెడ్డులోకి వెళ్లి ఒక్కొక్కదాన్ని ఎత్తి చూశాను. కుందేలు ముదిరితే దాని గోళ్లు బొచ్చు దాటి బయటికి వస్తాయి. పిల్లదైతే బొచ్చులోనే దాగి ఉంటాయి. ఇరవై నాలుగింటిలో ఒక్కదానికీ గోళ్లు బయటికి లేవన్నా. ఆపరేషన్ అయి ఇన్ని వారాలైనా ఇంకా పిల్లలే. అంటే కోసిన రోజుకు ఇంకెంత లేతవో! ముదురువి దొరకడం కష్టమని, తెచ్చేవాడు ఎప్పుడూ పిల్లల్నే తెచ్చి పోస్తాడు. అది నాకూ తెలుసు, అందరికీ తెలుసు. ఎవరమూ దాని గురించి ఆలోచించలేదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. పదిహేడో నంబరు కుందేలును కోసిన రోజు దూడ ఎముక ముక్కలు అయిపోయాయి. సారు దాని పూసలు గీకి, ఏమీ పెట్టకుండానే కుట్టేశారు. నా పుస్తకంలో ఆ మాట ఉంది. అది కూడా అతికింది! ఇరవై నాలుగులో దాన్నీ కలిపి లెక్క వేశాం.

అప్పుడు నాకు బాపు మాట చెవిలో పడ్డట్టయింది. అందుకే రావద్దని రాశాను. మా మాట నమ్మి వదినె వెన్నులో దూడ ఎముక పెడితే, అది అతక్కపోతే, ఆమె ఏమైపోయేది? ఇదంతా రాస్తే నువ్వు మళ్లీ చర్చి మెట్ల మీద చదువుతావని భయపడ్డాను. సారుకు ముందు చెప్పాలి కదా.

చెప్పడానికి పది రోజులకు పైగా పట్టింది. పని పోతుందేమోనని గడప దాకా వెళ్లి తిరిగొచ్చేదాన్ని. నీ ఉత్తరం అందాక, వదినె కాలు తిమ్మిరెక్కుతోందని చదివాక, పదిహేడో నంబరును చంకలో పెట్టుకుని నేరుగా ఆయన గదిలోకి వెళ్లాను.

"సార్, గీ కుందేండ్లన్ని లేగలు" అన్నాను. భయంలో మన మాటే వచ్చేసింది. ఆయనకు అర్థం కాలేదు. గోళ్లు చూపించాను. పుస్తకం చూపించాను. మన చూరు సంగతి, బాపు షరతులు, నువ్వు అడిగిన బరువు మాట, అన్నీ చెప్పాను. ఆయన కుందేలును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాని పాదం వేలితో తడుముతూ కూర్చున్నారు. "పోయి పని చూస్కో యేసమ్మా" అన్నారు. మూడు రోజులు షెడ్డు వైపే రాలేదు. నా పని పోయిందనే అనుకున్నాను.

నిన్న షెడ్డుకు వచ్చారు. "ముదురు కుందేళ్లు పదిహేను తెప్పిస్తున్న. అయిదింటికి ఏం పెట్టం. అయిదింటికి దూడ ఎముక. అయిదింటికి వాటి సొంత తుంటి ఎముక. పిల్లలు అయిదు, వాటికి ఏం పెట్టం. పది వారాలు చూద్దాం. అప్పటిదాకా మీ వదినెను కోయను" అన్నారు. వెళ్తూ వెనక్కి తిరిగి, "నా చూరులకెళ్లి ఇరవై నాలుగు బద్దలు దింపాలె" అన్నారు. నవ్వుతూ అనలేదన్నా. ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

కాలు తిమ్మిరి సంగతి కూడా అడిగాను. సూదులు పడుతున్నాయి కాబట్టి కదలకుండా పడుకుంటే తగ్గుతుందన్నారు. పట్టు తప్పితే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు. వదినె కాళ్లకు మొక్కుతున్నానని చెప్పు.

యేసమ్మ


బోధన్,
10 ఆగస్టు 1966

నా చెల్లెకు,

నీ ఉత్తరం ముప్పయ్యో తారీఖున అందింది. బండిలో గడ్డి కూడా పరిచాం. చదివి, గడ్డి ఎడ్లకు వేశాం.

ఆదివారం మళ్లీ చర్చి మెట్లు ఎక్కాను. నువ్వు భయపడ్డట్టే చదివాను, కానీ వేరే విధంగా. "మొన్న నేను జెప్పింది తప్పు. మా చెల్లె నర్సు గాదు. కుందేండ్ల కొట్టం సూస్తది. పెద్ద డాక్టరు లెక్క తప్పితే ఆయన మొకం మీదనే జెప్పింది. ఆయన ఇన్నడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. పాస్టరు గారు నా చేయి పట్టుకున్నారు. నర్సువని చెప్పినప్పుడు కూడా నాకు ఇంత గర్వంగా అనిపించలేదే, నిజం. ఆరేళ్లు ఎందుకు దాచావు పిచ్చిదానా? నేను పేడ ఎత్తే చేతులతోనే కదా కట్లు కడతాను.

నేను రాసిన కడియాల మాట చింపెయ్. మీ వదినెకు ఆ మాట తెలిసి రెండు రోజులు నా చేతి గంజి తాగలేదు. "ఇచ్చినదాన్ని నేను యాది జెయ్యలే, నువ్వెవడివి?" అంది. కాలి తిమ్మిరి కొంచెం తగ్గింది. వేళ్లు కదుపుతోంది.

మీ సారుకు నా మాటగా ఒకటి చెప్పు. కుందేలైనా, ఎద్దైనా నాలుగు కాళ్ల మీద నిలబడేది. దాని వెన్ను రెండు గోడల మీద పరిచిన దూలం. మనిషిది నిలబెట్టిన గుంజ. బరువు పడే తీరే వేరు. ముదురు కుందేలు చెప్పింది కూడా సగమే నమ్మమను. ఫోటోలో తెల్లగా కనిపిస్తే అతికినట్టు కాదు, చేత్తో పట్టి వంచి చూడమను. పెద్ద డాక్టరుకు చెప్పేంతవాణ్నా అంటావేమో. ఆయన విన్నాడు కాబట్టి చెబుతున్నాను.

అన్న,
జీవరాజు


హైదరాబాద్,
3 నవంబర్ 1966

అన్నకు, వదినెకు వందనాలు.

పది వారాలు దాటాయి. ఫలితం నా చేత్తో రాశాను, అదే ఇక్కడ దించుతున్నాను. ఏమీ పెట్టని పిల్ల కుందేళ్లు ఐదుకు ఐదూ అతికాయి. ఏమీ పెట్టని ముదురువి ఒక్కటీ అతకలేదు. దూడ ఎముక పెట్టిన ముదురు వాటిలో ఒక్కటే అతికింది. సొంత తుంటి ఎముక పెట్టినవి ఐదింటిలో నాలుగు అతికాయి.

దూడ ఎముక పెట్టిన వాటికి ఫోటోలో అన్నింటికీ తెల్లగానే ఉంది. సారు నీ మాట గుర్తు పెట్టుకుని ఒక్కొక్క వెన్నునూ చేత్తో వంచి చూశారు. నాలుగు కదిలాయి. "ఫోటో సూసి ఊకుంటే మళ్ల మోసపోయేటోన్ని" అన్నారు. గుంజ మాట కూడా చెప్పాను. "మీ అన్న చెప్పింది నిజం. ఏది పనికిరాదో కుందేలు చెప్పగలుగుతది. ఏది పనికొస్తదో చివరికి మనిషి వెన్నే చెప్పాలె" అన్నారు. బొంబాయి సభకు వెళ్తున్నారు, కానీ ఇప్పుడు చదివేది వేరే కాగితం. తన మొదటి లెక్క ఎందుకు తప్పిందో చదువుతారట. తోటి డాక్టర్లు ఇద్దరు వద్దని చెప్పినా వినలేదు.

వదినెకు ఆపరేషన్ సొంత తుంటి ఎముకతోనే. కోయరని నేను రాసిన మాట తప్పింది, క్షమించమను. ఇంకొకటి దాచకుండా చెప్పు. ఐదింటిలో నాలుగే అతికాయి. ఐదోది ఎందుకు అతకలేదో సారుకు కూడా తెలియదు. ఆమె సరేనంటేనే రండి.

యేసమ్మ


బోధన్,
11 నవంబర్ 1966

చెల్లెకు,

మీ వదినెకు అంతా చదివి వినిపించాను. నులక మంచం తీసేసి వేసిన చెక్క బల్ల మీద పడుకుని, కళ్లు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాను. "అయిదింట్ల నాలుగా?" అంది. అవునన్నాను. "మొన్నటి ఇరువై నాలుగుకు ఇరువై నాలుగు కన్న గిదే నమ్మబుద్ధయితుంది. అన్ని అతుకుతయంటే ఆశ వెట్టుడు. ఒకటి తప్పుతదని జెప్పిండ్రంటే, దాపరికం లేదు. నడువు, పోదాం" అంది.

ఇరవయ్యో తారీఖున వస్తున్నాం. ఈసారి నువ్వు స్టేషన్‌కు రావాలి. చీపురు తెచ్చినా సరే.

అన్న,
జీవరాజు


హైదరాబాద్,
15 జనవరి 1967

అన్నకు,

ఆపరేషన్ అయ్యి, నువ్వు చెరుకు సీజనని వెళ్లిపోయాక వదినెను చూసుకోవడం నా వంతు అయింది కదా, నీ ఫిర్యాదులన్నీ నాకు ఇప్పుడు అర్థమవుతున్నాయి. చంకల నుంచి తుంటి దాకా పిండికట్టు వేసినా ఆమె ఒక చోట ఉండదు. నిన్న నర్సుల కన్ను గప్పి నా షెడ్డుకు వచ్చింది. గోడ పట్టుకుని వచ్చినా, తన కాళ్ల మీదే నడిచి వచ్చింది! నేను పంజరాలు కడుగుతున్నాను. కాసేపు నిలబడి చూసి, "గింత మంచి కొట్టాన్ని సెప్పుకోను సిగ్గువడ్డవా? మా ఇల్లు గింత సాఫ్‌గ ఉండదు" అంది. నేను నీళ్ల బకెట్ అక్కడే పెట్టేసి ఏడ్చాను.

సారు చూడడానికి వస్తే వదినె ఆయన్ను వదలలేదు. "డాక్టరు సాబ్, ఎన్ను నొప్పి లేదు. తుంటి కాడ కోసిండ్రు సూడు, గది సలుపుతుంది. రాత్రి పగలు అదే బాధ. మీ కుందేండ్లు గీ సంగతి జెప్పలేదా?" అని అడిగింది. వార్డులో అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఎన్ని రోజుల నుంచి, కూర్చుంటే ఎక్కువా, పడుకుంటే ఎక్కువా, అన్నీ అడిగారు. "నిజమే సాయవ్వా, ఇది అవి చెప్పలేవు" అన్నారు. అప్పటి నుంచి తుంటి కోసిన ప్రతి రోగినీ ఈ ప్రశ్నలు అడుగుతున్నారు. వార్డులో వీటికి సాయవ్వ ప్రశ్నలని పేరు పడింది. వదినె గర్వం పట్టలేకపోతున్నాను, నువ్వే వచ్చి చూసుకో.

ఏప్రిల్‌లో పిండికట్టు తీస్తారు. వెనక సగాన్ని జాగ్రత్తగా కోయించి ఆమెతో పంపిస్తాను. దాన్ని ఏం చేయాలో నేను చెప్పను. అది నీ ఇంటి ఆనవాయితీ.

నీ చెల్లె,
యేసమ్మ


బోధన్,
20 ఏప్రిల్ 1968

చెల్లె యేసమ్మకు అన్న దీవెనలు.

నువ్వు మూడు ఉత్తరాల్లో అడిగినా నేను జవాబు చెప్పలేదు. నీ వదినె నడుము అతికిందా లేదా, మళ్లీ ఫోటో తీయించారా లేదా అని. ఫోటో నిరుడు ఏప్రిల్‌లోనే తెల్లగా ఉందని మీ సారే చెప్పారు కదా. అయినా నేను నోరు విప్పలేదు. జీవరాజు ఇన్ని నెలలు ఒక మాటను కడుపులో పెట్టుకున్నాడంటే లోకం నమ్మదు. నిజం నిలకడ మీద తెలుస్తుందని ఊరుకున్నాను.

నిన్నటితో ఫ్యాక్టరీ సీజన్ అయిపోయింది. చివరి బండి గేటు దాటింది. మీ వదినె ఈ సీజనంతా, ఒక్క ఆదివారాలు తప్ప, ప్రతిరోజూ పొద్దున భోజన్న మడి నుంచి చెరుకు ఆకు మోపు నెత్తిన పెట్టుకుని నా దగ్గర కట్టేసిన ఎడ్లకు తెచ్చింది. నేను మొయ్యమని చెప్పలేదు, వద్దని బతిమాలాను. మీ సారు కూడా బరువులు తగ్గించమన్నారని చెప్పాను. "బాపు షరతు ఎడ్లకేనా, నాకు లేదా?" అంది. మొదట చిన్న మోపు, సంక్రాంతి దాటాక పెద్ద మోపు. నేను రోజూ వెనక నడిచి ఆమె వెన్ను చూసేవాణ్ని. ఒక్క రోజు కూడా గుంజ పక్కకు ఒరగలేదు.

ఈ పొద్దున, ఏడాదిగా ధాన్యం గాదె వెనక దాచిన ఆ పిండికట్టును బయటికి తీసి, నిచ్చెన వేశాను. మన చూరులో ఇప్పుడు ముప్పై మూడు బద్దలున్నాయి, బాపువి, నావి. బాపు బద్దల పక్కన ఖాళీ చూసి, రెండు వెదురు పుల్లల మధ్య దాన్ని కట్టాను. ఆ చూరులో నా చేతిది కానిది, బాపు చేతిది కానిది అదొక్కటే. అడుగున బొగ్గుతో నీ పేరు రాశాను. నర్సు అని రాయలేదు. ఉట్టి యేసమ్మ అని రాశాను.

నేను నిచ్చెన దిగుతుండగా భోజన్న వచ్చాడు. పైకి చూసి నోరు తెరిచాడు. "గింత పెద్ద కట్టు ఏ ఎద్దుదిరా జీవరాజు?" అన్నాడు.

నేను చెప్పేలోపే మీ వదినె వాకిట్లోకి వచ్చింది. నెత్తి మీద మోపు దించలేదు. నిటారుగా నిలబడే జవాబు చెప్పింది.

"ఎద్దుది గాదు, నాది. కట్టిచ్చింది మా ఆడబిడ్డ."

అన్న,
జీవరాజు